బడి సెలవులు, బేకరీ కల

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను కోనసీమలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. 2008 డీఎస్సీలో ఎంపికై ఉద్యోగంలో చేరాను. మా వారికి అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. పాప పదో తరగతి పరీక్షలు రాసింది, బాబు ఆరో తరగతి పూర్తి చేశాడు. అత్తయ్య గారు, మరిది, తోడికోడలు, మేము అందరం ఒకే ఇంట్లో ఉంటాం. కొన్నేళ్లుగా వేసవి సెలవులు ఇస్తే చాలు, కేకులు, బన్నులు, బిస్కెట్లు చేయడంలోనే నాకు పొద్దు గడుస్తోంది. ఇరుగుపొరుగు వారు పుట్టినరోజులకు అడిగి చేయించుకుంటున్నారు. కొందరు బలవంతం చేస్తే సరుకుల ఖర్చు తీసుకున్నాను. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని అమలాపురంలో చిన్న బేకరీ పెట్టుకోవాలని నా కోరిక. బంధువులేమో, "మీ ఆయన పేరున పెట్టి నువ్వే నడుపుకో, ఎవరు అడుగుతారు?" అంటున్నారు. తోడికోడలు డిగ్రీ చదివి ఇంటిపట్టునే ఉంది, తనకూ ఆసక్తి ఉంది. అత్తయ్య గారికి మాత్రం వంటింట్లోకి గుడ్డు రావడం ఇష్టం లేదు. ఆవకాయ పెట్టే రోజుల్లో నేను కేకుల మీద పడి ఉంటున్నానని నొచ్చుకుంటున్నారు కూడా. ఇది చాలదన్నట్టు ఈ ఎండల్లో నా కేకులు మధ్యలో కుంగిపోతున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, కోనసీమ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో కేకు గురించి రాసినంత ఇష్టంగా మరే విషయం గురించీ రాయలేదు. అందువల్ల ఈ కోరికను పక్కన పెట్టమని నేను చెప్పను. అయితే కేకు చేయడం వేరు, కేకు అమ్మడం వేరు. మొదటిది ఈ రోజు నుంచే మీ సొంతం. రెండోదాన్ని మాత్రం, ఎవరు చేయాలి, ఎప్పుడు చేయాలి అన్నది నిజాయితీగా తేల్చుకున్న తరువాతే మొదలుపెట్టాలి.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని వ్యాపారం చేయకూడదు. పక్కింటి పాప పుట్టినరోజుకు కేకు చేసి ప్రేమగా ఇవ్వడంలో తప్పేమీ లేదు. కాని అడిగిన వారందరికీ చేసి పెడుతూ, సరుకుల ఖర్చు పేరుతోనైనా డబ్బు తీసుకుంటూ పోతే, అది వ్యాపారం కాదని వాదించడం కష్టమవుతుంది. ఇక ముందు ఎవరి దగ్గరా రూపాయి కూడా తీసుకోకండి. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని అంటుందని మీకు తెలియనిది కాదు. జీతం ఇచ్చే ప్రభుత్వం మన సమయం మీదా శ్రద్ధ మీదా కొంత హక్కు కోరడం న్యాయమేనని నా అభిప్రాయం.

"మీ ఆయన పేరున పెట్టి నువ్వే నడుపుకో" అన్న సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. బోర్డు మీద ఒక పేరు, పొయ్యి దగ్గర మరొకరు ఉండటాన్నే నియమాలు పరోక్ష వ్యాపారం అంటాయి. ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజున సంజాయిషీ ఇచ్చుకోవలసింది మీరు, మనసు కష్టపెట్టుకోవలసింది మీ వారు. పిల్లలకు పాఠం చెప్పే మనిషి తన ఇష్టమైన పనిని దాచుకుని చేయవలసి రావడం కంటే బాధాకరమైన విషయం లేదు.

ఇందుకు మీ ఇంట్లోనే చక్కని మార్గం ఉంది. మీ తోడికోడలికి నిజంగా ఆసక్తి ఉంటే, వ్యాపారం నిజంగా ఆమెదే కానివ్వండి. ఆర్డర్లు తీసుకునేది, సరుకు కొనేది, కేకు చేసేది, డబ్బు లెక్క చూసేది, లాభనష్టాలు భరించేది ఆమే కావాలి. రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, పాన్ కార్డు అన్నీ ఆమె పేరనే ఉండాలి. మీరు ఈ సెలవుల్లో మీకు వచ్చిన విద్య ఆమెకు నేర్పండి. నేర్పడం మీ వృత్తే కదా. ఒకే ఇంట్లో వ్యాపారం మొదలవుతోంది కాబట్టి, ఆ సంగతిని ముందుగానే మీ పై అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ ఉత్తరం నకలును దాచుకోవడం క్షేమం.

ఇంట్లో చేసి అమ్మినా 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం వర్తిస్తుందని చాలామందికి తెలియదు. చిన్న వ్యాపారికి పెద్ద లైసెన్సు అక్కరలేదు, సాధారణ రిజిస్ట్రేషన్ చాలు. దానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వారి ఫాస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము స్వల్పమే. రిజిస్ట్రేషన్‌తో వచ్చే 14 అంకెల సంఖ్యను పెట్టె మీద వేయాలి. దానితో పాటు కేకులో వాడిన పదార్థాలు, నికర బరువు, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలో కూడా రాయాలి. గోధుమ, పాలు, గుడ్డు, జీడిపప్పు వంటివి కొందరికి పడవు కాబట్టి వాటి పేర్లు విడిగా కనబడేలా ఉండాలి. గుడ్డు వేసిన కేకు నియమాల దృష్టిలో మాంసాహారమే. దాని మీద చదరపు గడిలో గోధుమరంగు త్రిభుజం గుర్తు వేయాలి. గుడ్డు వేయనిదైతే చదరపు గడిలో ఆకుపచ్చ చుక్క వస్తుంది. పెట్టుబడికి ఆమె పొదుపు సంఘంలో సభ్యురాలైతే సంఘం రుణం అన్నింటికంటే సులువు. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో పెట్టుబడి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రాయితీకి వీలు కల్పించారు. అది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో జిల్లా అధికారులను అడిగి తెలుసుకున్న తరువాతే యంత్రాలకు బయానా ఇవ్వండి.

స్వచ్ఛంద పదవీ విరమణ విషయంలో తొందరపడవద్దు. దానికి ఇరవై ఏళ్ల అర్హత సర్వీసు నిండాలి, మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. 2008 డీఎస్సీ వారికి ఆ గడువు ఇంకా రాలేదు. ఈలోగా మానేస్తే అది రాజీనామా అవుతుంది. రాజీనామాకూ పదవీ విరమణకూ ఫలితాల్లో చాలా తేడా ఉంటుంది. పైగా 2004 సెప్టెంబరు 1న, ఆ తరువాత చేరిన వారు సీపీఎస్ (ఉద్యోగి కూడా వాటా కట్టే పింఛను పథకం) పరిధిలోకి వస్తారు కాబట్టి, మీ ఖాతాలో పోగైన నిధి మొత్తం ఒకేసారి చేతికి రాదు. అందులో కొంత భాగంతో నెలవారీ పింఛను కొనుక్కోవడం తప్పనిసరి. ఆ నిధినంతా బేకరీ పెట్టుబడిగా లెక్క వేసుకుంటే ఆ లెక్క తప్పుతుంది. పాప ఇంటర్‌లో చేరబోతోంది, బాబు చదువు ఇంకా మొదట్లోనే ఉంది, కొబ్బరి ధర ఏ ఏడు ఎలా ఉంటుందో మీ వారే చెప్పలేరు. ఈ ఇంట్లో నెలనెలా తప్పకుండా వచ్చే ఆదాయం మీ జీతం ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయసు 62 ఏళ్లు. అంతవరకు ఆగమని నేను అనడం లేదు. మీ ఇరవై ఏళ్లు నిండేనాటికి తోడికోడలి పని ఎలా నిలదొక్కుకుందో, పిల్లల చదువులు ఎంతవరకు వచ్చాయో చూసి, అప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. అప్పటికి మీ చేతిలో కోరికతో పాటు కొన్నేళ్ల జమాఖర్చుల పుస్తకం కూడా ఉంటుంది.

ఇక అత్తయ్య గారి సంగతి. ఆమె మాటలో నాకు కోపం కంటే వెలితి ఎక్కువగా వినిపించింది. ఏడాది పొడుగునా కోడలు బడికి పోతుంది. ఏప్రిల్ 24న సెలవులు ఇస్తారు. జూన్ 12న బడి మళ్లీ తెరుస్తారు. ఆ మధ్యలో కాయ తరిగి, కారం, ఆవపిండి, ఉప్పు పాళ్లు కలిపి, జాడీలకు ఎత్తే నాలుగు రోజులు కోడలు తన పక్కన ఉండాలని ఆమె కోరుకోవడం సహజం. ఆ రోజుల్లో కేకు జోలికే వెళ్లకండి. అప్పుడు ఇంట్లో పెద్దదిక్కు ఆమె, మీరు ఆమెకు సాయం. మిగతా రోజుల్లో మీ పనిని తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిదిలోపు ముగించుకుంటే ఎండ తగలదు, ఆమె పొయ్యికి అడ్డం ఉండదు, పగలంతా పిల్లలకు మిగులుతుంది. గుడ్డు విషయంలో ఆమె నియమాన్ని గౌరవించండి. అది ఆమె వంటిల్లు కూడా. గుడ్డు లేని కేకుల్లోనే చేయి తిప్పుకోండి. తప్పనిసరైతే గిన్నె, బీటరు, కేకు డబ్బా విడిగా పెట్టుకుని ఆ పని వరండాలో చేసుకోండి.

ఇప్పుడు కుంగిపోయే కేకు. దీనికి కారణాలు మీరు తరగతిలో చెప్పే 'ఆమ్లాలు, క్షారాలు, లవణాలు' పాఠంలోనే ఉన్నాయి. వంట సోడాకు పెరుగులోని ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది. పిండి కలిపి, ఆ తరువాత తీరిగ్గా ఓటీజీ (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్) వేడి చేసుకుంటే, లోపలికి వెళ్లేసరికి గాలి సగం పోయి ఉంటుంది. అందుకే ముందు ఓటీజీని 180 డిగ్రీలకు వేడెక్కించి, డబ్బాకు నూనె రాసి, ఆ తరువాతే తడి పొడి పదార్థాలు కలపాలి. కలిపిన వెంటనే లోపల పెట్టాలి. సోడా ఎక్కువైనా చిక్కే. కేకు అతివేగంగా పొంగి, మైదా గట్టిపడి నిలదొక్కుకునే లోపే కూలిపోతుంది. పైగా ఆమ్లం చాలక మిగిలిన సోడా వేడికి సోడియం కార్బొనేట్‌గా మారి నాలుకకు సబ్బు రుచి తగిలిస్తుంది. బేకింగ్ పౌడర్‌లో టార్టారిక్ ఆమ్లం వంటిది కలిపి ఉండటానికి కారణం ఇదేనని పిల్లలకు మీరే చెబుతుంటారు. రేపు బడి తెరిచాక ఒకే పిండితో చేసిన రెండు చిన్న కేకులు, ఒకటి పాళ్లు కుదిరినది, ఒకటి సోడా ఎక్కువైనది, తరగతికి తీసుకెళ్లి కోసి చూపించండి. ఆ పాఠం వాళ్లు పరీక్ష అయ్యాక కూడా మరచిపోరు.

మూడో కారణం మన ఎండ. వెన్న, పంచదార కలిపి గిలకొట్టే పద్ధతికి వెన్న సుమారు 20 డిగ్రీల దగ్గర, వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి. అప్పుడే దానిలో గాలి బుడగలు నిలుస్తాయి. మే నెలలో మన వంటింట్లో వెన్న కరిగి నూనె అయిపోతుంది, గాలి నిలవదు, కేకు పిడచకడుతుంది. వేసవికి నూనెతో చేసే కేకులే మేలు. 180 గ్రాముల మైదా, ఒకటింబావు టీ చెంచా బేకింగ్ పౌడర్, అర టీ చెంచా వంట సోడా కలిపి జల్లించండి. 240 మిల్లీలీటర్ల గట్టి పెరుగు, 150 గ్రాముల పంచదార, 120 మిల్లీలీటర్ల వాసన లేని నూనె విడిగా బాగా కలిపి, రెండింటినీ జతచేసి, ఎక్కువగా తిప్పకుండా డబ్బాలో పోయండి. 35 నుంచి 40 నిమిషాలలో పుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికి వస్తుంది. మొదటి అరగంట తలుపు తీయకూడదు.

మీ ఇంటి చుట్టూ ఉన్న సరుకును వదిలి వెనిల్లా, చాక్లెట్ల వెంట మాత్రమే పరుగెత్తకండి. పంచదార బదులు అంతే బరువు బెల్లం పొడి వేస్తే కేకుకు చక్కని రంగు, తేమ వస్తాయి. పచ్చికొబ్బరి రుచి గొప్పదే గాని ఈ వేడికి తొందరగా పాడవుతుంది, ఏ రోజుది ఆ రోజు తినవలసిందే. మీ వారి దగ్గర దొరికే కురిడీ (ఎండు) కొబ్బరిని సన్నగా కోరి, దోరగా వేయించి కలిపితే బిస్కెట్లు, బన్నులు నిలవ ఉంటాయి. దిల్‌పసంద్ లోపలి కొబ్బరి కూరుడు ఎలా ఉండాలో మీ అత్తయ్య గారిని అడిగి చూడండి. కొబ్బరి లౌజు పాకం పట్టిన చేతికి ఆ పాళ్లు ఎవరూ నేర్పనక్కరలేదు. మీ కోరికలో ఆమెకు కూడా ఒక చోటు దొరుకుతుంది.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. వేసవి రెండు నెలలు మాకు జీతం ఇవ్వరు. ఇద్దరు చిన్న పిల్లలు, ఓవెన్ లేదు. కుక్కర్‌లో కేకులు చేసి కాలనీలో అమ్ముదామనుకుంటున్నాను. ధర ఎలా నిర్ణయించుకోవాలి?
– ఒక టీచరు, కరీంనగర్

జవాబు: ఏడాదంతా పిల్లల కోసం గొంతు అరిగేలా పాఠాలు చెప్పిన వారికి సెలవుల్లో జీతం ఎగ్గొట్టడం అన్యాయం. ఆ మాట ఇక్కడ రాయకుండా ముందుకు వెళ్లలేను. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి మీకు వర్తించదు. అయినా మీరు చేరేటప్పుడు సంతకం చేసిన పత్రంలో వేరే పని చేయకూడదన్న షరతు ఉందేమో ఒకసారి చదువుకోండి. ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ గురించి పైన చెప్పినదంతా మీకూ వర్తిస్తుంది.

కుక్కర్‌లో కేకు చక్కగా వస్తుంది. మూత లోపలి గ్యాస్కెట్, పైనున్న విజిల్ రెండూ తీసేయాలి. అడుగున ఉప్పు గాని ఇసుక గాని పోసి, దాని మీద స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడి చేసిన తరువాత కేకు డబ్బా దించాలి. నీళ్లు పోయకూడదు. మంట సన్నగా ఉండాలి. అయితే నీళ్లు లేకుండా పదేపదే వేడి చేస్తే కుక్కర్ దెబ్బతింటుంది కాబట్టి, పప్పు ఉడికించే కుక్కర్‌ను ఇందుకు వాడకండి. పాతదాన్ని కేకులకే కేటాయించి, మళ్లీ ఎన్నడూ ప్రెషర్ వంటకు పెట్టవద్దు. క్రీము పూసిన కేకులు ఈ ఎండల్లో మొదలుపెట్టవద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి ఇల్లు చేరేలోపే కరిగిపోతాయి, మాట పోతుంది. పై పూత లేని కేకు, రాగి బిస్కెట్లు, రస్కులు మీకు అనువైనవి. రాగిపిండికి గోధుమకున్న జిగురు ఉండదు. మొత్తం పిండిలో నాలుగో వంతుతో మొదలుపెట్టి, పిల్లలకు నచ్చేకొద్దీ పెంచండి.

ధర విషయంలో మన ఆడవాళ్లు తరచుగా వదిలేసేది సొంత శ్రమ విలువ. మైదా, నూనె, పంచదార లెక్క వేసి, దాని మీద కాస్త కలిపి చెబుతారు. అలా కాకుండా ఒక నోటుబుక్కు పెట్టి ప్రతి కేకుకూ పట్టిన సరుకు, గ్యాసు, పెట్టె, ఇచ్చి రావడానికి అయిన ఆటో ఖర్చు, మాడి పారేసినవి, మీరు నిలబడిన గంటలకు కూలి, అన్నీ రాయండి. ఆ మొత్తం కంటే తక్కువకు ఎవరు అడిగినా, దగ్గరి బంధువులైనా సరే, ఇవ్వవద్దు. బేకరీ ధర కంటే మీది కొంచెం ఎక్కువే కావచ్చు. ఇంట్లో పిల్లలకు పెట్టే నూనె, నెయ్యితోనే చేశారని తెలిసిన వారు ఆ ధర ఇస్తారు. బడి తెరిచిన తరువాత ఆదివారాలకు మాత్రమే ఆర్డర్లు తీసుకుంటానని ఇప్పటి నుంచే అందరికీ చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా అమ్మ వరంగల్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. వచ్చే ఏడాది రిటైర్ అవుతుంది. కేకులు నేర్చుకోవాలని ఎప్పటి నుంచో తన కోరిక. ఈ వేసవిలో ఓటీజీ కొనిద్దామనుకుంటున్నాం. ఎలాంటిది తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తల్లి కోరికను గుర్తుంచుకుని అడిగినందుకు చాలా సంతోషం. 25 నుంచి 30 లీటర్ల ఓటీజీ ఇంటికి సరిపోతుంది. అంతకంటే చిన్నదైతే పైకడ్డీ కేకుకు మరీ దగ్గరై పైభాగం మాడుతుంది. కొనేముందు వంటింట్లో 16 ఆంపియర్ల ప్లగ్గు ఉందో లేదో చూడండి. మామూలు చిన్న ప్లగ్గుకు తగిలిస్తే వైరు వేడెక్కే ప్రమాదం ఉంది. ఓటీజీ డయల్ చూపే వేడికీ లోపల ఉండే వేడికీ తరచుగా తేడా ఉంటుంది. లోపల పెట్టే చిన్న థర్మామీటరు, గ్రాములు చూపే వంటింటి తూకం, ఈ రెండూ ఓటీజీతో పాటే కొనివ్వండి. గిన్నె లెక్కల కంటే తూకంతో నేర్చుకుంటే మొదటి నుంచీ పాళ్లు కుదురుతాయి. ఆమె సర్వీసులో ఉన్నంతకాలం అమ్మకం ఆలోచన వద్దు. రిటైర్ అయిన తరువాత తనకు అమ్మాలని ఉందో, మనవలకు చేసి పెట్టాలని మాత్రమే ఉందో ఆమెనే అడగండి. రెండోదే అని చెబితే వ్యాపారం పెట్టమని మీరు బలవంతపెట్టకండి.